అత్త పగలగొడితే అడుగోటి కుండ, కోడలు పగలగొడితే కొత్త కుండ: రహస్య పత్రాల కేసులు నాయకులకు ఎందుకు అంటవు?

కొత్తకుండ

చాలా రోజులుగా ఒక సందేహం కొరుకుడు పడటం లేదు. ఈ ఫోరంలో చట్టం తెలిసినవాళ్లు, ఆఫీసుల్లో పనిచేసినవాళ్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా.

2016 ఆగస్టులో అమెరికాలో ఒక నావికుడికి ఏడాది జైలు పడింది. అణు జలాంతర్గామి లోపల సెల్‌ఫోన్‌తో ఆరు ఫొటోలు తీసుకున్నందుకు. గుర్తుగా ఉంచుకుందామని తీశానన్నాడు. ఏ దేశానికో అమ్మాడన్న అభియోగం కూడా లేదు. దానికి నెలన్నర ముందు, జులై 5న, ఎఫ్‌బీఐ డైరెక్టర్ జేమ్స్ కోమీ కెమెరాల ముందుకొచ్చాడు. హిల్లరీ క్లింటన్ విదేశాంగ మంత్రిగా ఉండగా సొంత సర్వర్ మీద నడిపిన ఈమెయిళ్లలో 110 మెయిళ్లలో, అవి పంపిన నాటికే రహస్యమైన సమాచారం ఉందన్నాడు. ఆమె "అత్యంత అజాగ్రత్తగా" ఉన్నారన్నాడు. అయినా కేసు పెట్టేంతది కాదన్నాడు.

2023లో ఎఫ్‌బీఐలోనే పనిచేసిన ఒక విశ్లేషకురాలికి 46 నెలల జైలు. 386 పత్రాలు ఇంటికి తెచ్చి పెట్టుకుంది. అదే ఏడాది మాజీ ఉపాధ్యక్షుడు మైక్ పెన్స్ ఇంట్లో డజను దాకా రహస్య పత్రాలు దొరికితే జూన్‌కల్లా ఫైలు మూసేశారు. బైడెన్ గ్యారేజీలో దొరికాయి, కేసు లేదు. ట్రంప్ దగ్గర మొత్తం మీద 300కి పైగా దొరికాయి. కేసైతే పెట్టారు గానీ విచారణ మొదలవకుండానే అదీ పోయింది.

పార్టీల గొడవ నాకొద్దు. రెండు పార్టీల వాళ్లూ ఈ లిస్టులో ఉన్నారు చూడండి. నా ప్రశ్న ఒక్కటే: కాగితం అదే అయినప్పుడు, పట్టుకున్న చేతిని బట్టి నేరం మారుతుందా?

గోడమీదపిల్లి

దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అనేవాళ్లు పూర్వం. ఇప్పుడు దొరికినా దొరే. చర్చ ముగిసింది, అందరూ పడుకోండి 😀

నిదానం

కొత్తకుండ గారూ, అన్నిటినీ ఒకే గాటన కట్టేశారు. విడివిడిగా చూడాలి.

ఆ నావికుడి సంగతే తీసుకోండి. విచారణకు పిలిచాక ఇంటికెళ్లి లాప్‌టాప్, కెమెరా, మెమరీ కార్డు ధ్వంసం చేశాడు. ఫొటోలతో పోయేది అక్కడితో ముదిరింది. పెన్స్ విషయంలో అతని లాయర్లే వెతికి, దొరికినవి వాళ్లే అప్పగించారు. బైడెన్ విషయంలో 2022 నవంబర్‌లో మొదట పాత ఆఫీసులో దొరికితే లాయర్లే ప్రభుత్వ రికార్డులు భద్రపరిచే నేషనల్ ఆర్కైవ్స్‌కి ఫోన్ చేశారు. ట్రంప్ కేసులో అభియోగపత్రం చదివితే, పత్రాలు ఉండటం సగం కథే. మిగతా సగం అడిగాక జరిగింది. 2022 జనవరిలో 15 పెట్టెలు వెనక్కి వచ్చాయి. తర్వాత కోర్టు సమన్లు వెళ్తే జూన్‌లో 38 పత్రాలిచ్చి, గట్టిగా వెతికాం, ఇంతేనని రాసిచ్చారు. ఆగస్టు 8న సోదా చేస్తే ఇంకో 102 దొరికాయి. మధ్యలో పెట్టెలు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మార్పించారన్నది ఆరోపణ. నేను చేయలేదన్నది ఆయన జవాబు.

కాబట్టి తేడా చేతిది కాదు. కాగితం దగ్గరుందని తెలిశాక ఆ మనిషి ఏం చేశాడన్నది.

కొత్తకుండ

బాగుంది నిదానం గారూ, మరి అదే కొలత క్లింటన్‌కి పెట్టండి. 30 వేల మెయిళ్లు అప్పగించి, దాదాపు అన్నే "వ్యక్తిగతం" అని చెరిపించారు. అందులో ఒక విడత, కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) కమిటీ సమన్లు వచ్చాక, సర్వర్ చూసుకునే కంపెనీ ఉద్యోగి చెరిపాడు. నావికుడు కెమెరా పగలగొడితే నేరం, ఇక్కడ సాఫ్ట్‌వేర్ పెట్టి తుడిచేస్తే మామూలు పనా?

నిదానం

ఆ ఉద్యోగి ముందే చేయాల్సిన పని మరిచిపోయి ఆలస్యంగా చేశానని చెప్పాడు. దాచే ఉద్దేశంతో చెరిపారనడానికి ఆధారం దొరకలేదని ఎఫ్‌బీఐ అంది. మీకు నమ్మకం కలగకపోవచ్చు. నాకూ పూర్తిగా కలగలేదు, ఒప్పుకుంటా. కానీ అనుమానం వేరు, కోర్టులో నిలబడేది వేరు.

సెక్షన్‌రాజు

చట్టం ఏమంటుందో ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను దూరుతున్నా. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ఈ కేసులన్నిటికీ మూలం 1917 నాటి గూఢచర్య చట్టం. మొదటి ప్రపంచ యుద్ధంలో చేసింది. దాని అసలు సెక్షన్లలో "క్లాసిఫైడ్" అన్న మాటే ఉండదు, ఎందుకంటే ఇప్పటి టాప్ సీక్రెట్, సీక్రెట్, కాన్ఫిడెన్షియల్ ముద్రల పద్ధతి ఆ తర్వాత వచ్చింది. చట్టంలో ఉన్న మాట "దేశ రక్షణకు సంబంధించిన సమాచారం". కాబట్టి ముద్ర ఉందా లేదా అన్నది చివరి మాట కాదు. అందుకే ట్రంప్ మీద ప్రాసిక్యూటర్ ఆ సెక్షనే ఎంచుకున్నాడు. "నేను ముద్ర తీసేశాను" అన్నా అది సరిపోదు.

ఆ చట్టంలో ఒక ఉపసెక్షన్ ఉంది. ఉద్దేశం లేకపోయినా "తీవ్రమైన నిర్లక్ష్యం" వల్ల కాగితం ఉండాల్సిన చోటు నుంచి పోతే అదీ నేరమే అంటుంది. కోమీ ప్రకటన మొదటి ముసాయిదాలో సరిగ్గా ఆ మాటే రాసుకున్నారు. తర్వాత దాన్ని "అత్యంత అజాగ్రత్త"గా మార్చారు. మామూలు పాఠకుడికి రెండూ ఒకటే. లాయరుకి మాత్రం ఒకటి నేరం, రెండోది తిట్టు.

అయితే కోమీ వాదనలోనూ పస ఉంది. ఆ నిర్లక్ష్యం క్లాజు పెట్టి 99 ఏళ్లలో ఒకే ఒక్కసారి కేసు పెట్టారని కాంగ్రెస్ కమిటీ ముందు చెప్పాడు. ఎవరి మీదా వాడని సెక్షన్ తీసి ఎన్నికల ఏడాదిలో ఒక అభ్యర్థి మీద వాడితే అది సమన్యాయమా? అలాగని వాడకపోతే ఆ సెక్షన్ పుస్తకంలో ఎందుకు?

ఇంకోటి, సొంత మెయిల్‌లోనో ఇంట్లోనో రహస్య పత్రాలు పెట్టుకోవడానికి విడిగా ఓ చిన్న సెక్షన్ ఉండేది, గరిష్ఠ శిక్ష ఏడాది. 2018 జనవరిలో దాన్ని ఐదేళ్లకు పెంచారు. పెంచుతూ సంతకం చేసింది ట్రంపే. అంతకన్నా ఏం చెప్పను.

గోడమీదపిల్లి

తవ్విన గోతిలో తనే... వద్దులే, మోడరేటర్ ఆన్‌లైన్‌లో ఉన్నాడు.

పాతరికార్డు

నేను ఇరవై రెండేళ్లు రహస్య పత్రాల సెక్షన్‌లో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. ఏ ఆఫీసో అడగొద్దు. పై చర్చలో "కాగితం" అని తేలిగ్గా అంటున్నారు గానీ, ఆ కాగితం ఎలా తిరుగుతుందో చాలామందికి తెలీదు.

మా దగ్గర టాప్ సీక్రెట్ కాగితానికి ప్రతి నకలుకీ ఒక నంబరుంటుంది. "7లో 3వ నకలు" అని పైన రాసి ఉంటుంది. ఒక కవర్లో పెట్టి సీలు వేసి, దాన్ని ఇంకో కవర్లో పెడతాం. బయటి కవరు మీద ముద్ర ఉండదు, లోపలి దాని మీదే ఉంటుంది. తీసుకున్నవాడు రిజిస్టర్లో తేదీ, టైము వేసి సంతకం పెట్టాలి. సాయంత్రం బీరువాకి తాళం వేశాక తాళంచెవి కూడా సంతకం మీదే అప్పగించాలి.

ఇదంతా కిందివాడి వరకే. పై మనిషి దగ్గరికి కాగితం వెళ్లాక పెన్ను నా చేతిలో ఉంటుంది గానీ సంతకం చేయమని అడిగే ధైర్యం ఉండదు. "సార్ చూస్తున్నారు, తర్వాత ఇస్తార్లే" అని పీఏ అంటాడు. నేను పెన్సిల్‌తో "సారు వద్ద" అని రాసుకుంటాను. ఇంకుతో రాస్తే రేపు ఎవరు రాయమన్నారని అడుగుతారు కదా. ఇరవై రెండేళ్లలో నా రిజిస్టర్లలో పెన్సిల్ రాతలన్నీ పెద్దవాళ్లవే.

ఒకసారి అలాంటి నకలు ఒకటి కనపడలేదు. నాలుగు రోజులు బీరువాలన్నీ దించి వెతికాం. నాకు వివరణ కోరుతూ మెమో వచ్చింది. ఆ నాలుగు రోజులు నిద్ర లేదు. ఇంట్లోవాళ్లకి ఎందుకు టెన్షన్ పడుతున్నానో చెప్పడానికి కూడా లేదు, విషయమే రహస్యం కదా.

కేసు కోర్టుకి వెళ్లాక ఉద్దేశం, ఆధారం అంటారు. అసలు తేడా రిజిస్టరు దగ్గరే పుడుతుంది. కిందివాడి తప్పుకి సాక్ష్యం వాడి సంతకమే. పైవాడి తప్పుకి సాక్ష్యం పెన్సిల్ రాత.

మేఘమాల

పాతరికార్డు గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. నకలు దొరికిందా చివరికి?

సెక్షన్‌రాజు

మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. ఇంకో మెట్టు పైకెళ్తే మరీ విచిత్రం. అమెరికాలో ఉద్యోగికి క్లియరెన్స్, అంటే రహస్య పత్రాలు చూసే అనుమతి, ఇవ్వాలంటే అప్పులు, పాత పరిచయాలు, విదేశీ ప్రయాణాలు అన్నీ ఆరా తీస్తారు. తప్పు చేస్తే కోర్టుతో పని లేకుండానే క్లియరెన్స్ పీకేస్తారు. క్లియరెన్స్ పోతే ఉద్యోగం పోయినట్టే. మామూలు ఉద్యోగులకు తగిలే దెబ్బల్లో ఎక్కువ భాగం ఇలాంటివే, జైలు దాకా వెళ్లేవి తక్కువ. కానీ అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, కాంగ్రెస్ సభ్యులు ఈ ఆరాలోకే రారు. ఓటరు ఎన్నుకున్నాడు, అదే క్లియరెన్స్. ఇవ్వనిదాన్ని పీకడం ఎలా?

అధ్యక్షుడి విషయంలో ఇంకా ఉంది. రహస్యమని ముద్ర వేసే అధికారం ఆయన సైన్యాధిపతి హోదా నుంచే వస్తుందని 1988లో నేవీ వర్సెస్ ఈగన్ తీర్పులో సుప్రీంకోర్టు అంది. ముద్ర వేసేవాడే తీసేవాడు. 2022 సెప్టెంబర్‌లో ట్రంప్ టీవీ ఇంటర్వ్యూలో, మనసులో అనుకున్నా రహస్యం తొలగిపోతుందన్నాడు. నవ్వుకున్నారు గానీ, పదవిలో ఉండగా ఆ అధికారానికి హద్దెక్కడో గీసి చూపించిన తీర్పు లేదు. పదవి దిగిన మరుక్షణం మాత్రం ఆయనా నాలాంటివాడే.

చిలకజోస్యం

అందరూ అమెరికాలోనే తిరుగుతున్నారు. పార్లమెంటరీ దేశాల్లో వేరే దారి ఉంది, రాజీనామా. కోర్టు అక్కర్లేదు, ప్రధాని ఒక్క ఫోన్ చేస్తే చాలు.

కెనడాలో 2008 మేలో విదేశాంగ మంత్రి మాక్సిమ్ బెర్నియే రాజీనామా చేశాడు. నాటో సమావేశానికి సంబంధించిన రహస్య పత్రాలు స్నేహితురాలి ఇంట్లో మరిచిపోయాడు. దురుద్దేశం ఉందని ఎవరూ అనలేదు. మరిచిపోవడమే చాలింది.

బ్రిటన్‌లో 2009 ఏప్రిల్‌లో ఉగ్రవాద నిరోధక విభాగం చూసే సీనియర్ పోలీసు అధికారి బాబ్ క్విక్, ప్రధాని ఇంటి ముందు కారు దిగుతూ చంకలో కాగితాలు బయటికి కనపడేలా పట్టుకున్నాడు. ఫొటోగ్రాఫర్ల లెన్సుకి ఆపరేషన్ వివరాలు చిక్కాయి. అరెస్టులు అదే రోజుకు ముందుకు జరపాల్సి వచ్చింది. మర్నాడు రాజీనామా. ఒక్క రాత్రిలో కెరీర్ అయిపోయింది.

సెక్షన్‌రాజు

చిలకజోస్యం గారూ, అదే బ్రిటన్‌లో మిగతా సగం కూడా చెప్పండి. 2019 మేలో చైనా టెలికాం కంపెనీ హువావే మీద జాతీయ భద్రతా మండలి చర్చ పత్రికకెక్కిందని రక్షణ మంత్రి గావిన్ విలియమ్సన్‌ను తీసేశారు. నేను కాదన్నాడు. నేరం కింద దర్యాప్తు అక్కర్లేదని పోలీసులన్నారు. జులైలో ప్రధాని మారగానే విద్యా మంత్రి అయ్యాడు. 2022 అక్టోబర్ 19న హోం మంత్రి సువెల్లా బ్రేవర్‌మన్ సొంత మెయిల్ నుంచి అధికారిక పత్రం పంపినందుకు రాజీనామా చేసింది. ఆరు రోజులకు, కొత్త ప్రధాని వచ్చిన రోజే, అదే కుర్చీలో కూర్చుంది. ఇది రాజీనామానా, సెలవు చీటీనా?

పోలీసు అధికారి మాత్రం మళ్లీ ఆ కుర్చీకి రాలేదు. కొత్తకుండ గారి సామెత అక్కడా పనిచేసింది.

చిలకజోస్యం

ఒప్పుకుంటున్నా 🙏 బెర్నియేని కూడా మూడేళ్ల తర్వాత మళ్లీ మంత్రివర్గంలోకి తీసుకున్నారు, చిన్న శాఖకి. మీరు పట్టుకోకముందే చెప్పేస్తున్నా.

ఎర్రసిరా

జవాబుదారీ, జవాబుదారీ అంటున్నారు. ఆ కత్తి రెండువైపులా తెగుతుంది. పాకిస్తాన్ చూడండి.

2022 మార్చి 27న ఇమ్రాన్ ఖాన్ ఇస్లామాబాద్ సభలో జేబులోంచి కాగితం తీసి ఊపాడు, నన్ను దించడానికి విదేశీ కుట్రకు ఇదే రుజువు అన్నాడు. వాషింగ్టన్ నుంచి వాళ్ల రాయబారి పంపిన రహస్య టెలిగ్రాం గొడవ అది. పదవి పోయాక వలసకాలం నాటి అధికార రహస్యాల చట్టం కింద కేసు పెట్టారు. విచారణ జైలు గోడల మధ్యే జరిగింది. 2024 జనవరి 30న పదేళ్ల శిక్ష. ఎన్నికలు ఫిబ్రవరి 8న. జూన్ 3న ఇస్లామాబాద్ హైకోర్టు ఆ శిక్ష కొట్టేసింది.

రహస్య టెలిగ్రాంను సభలో ఊపడం తప్పా? నా దృష్టిలో తప్పే, పెద్ద తప్పే. కానీ ఎన్నికలకు తొమ్మిది రోజుల ముందు పదేళ్లు వేస్తే దాన్ని కూడా జవాబుదారీ అనే అంటారా? "నాయకుల్ని లోపలేయాలి" అనేవాళ్లు, తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో ముందు ఆలోచించండి.

మేఘమాల

1923 చట్టమే కదా అది, మన దగ్గర ఉన్నది కూడా? మన మంత్రుల మీద ఎప్పుడైనా వాడారా?

సెక్షన్‌రాజు

అదే చట్టమండి, అధికార రహస్యాల చట్టం, 1923. అందులో 5వ సెక్షన్ సరైన జాగ్రత్త తీసుకోకపోవడాన్ని కూడా నేరమే అంటుంది, మూడేళ్ల దాకా శిక్ష. మంత్రులైతే రాజ్యాంగం 75వ అధికరణం ప్రకారం పదవీ ప్రమాణంతో పాటు గోప్యతా ప్రమాణం విడిగా చేస్తారు. టీవీలో రెండుసార్లు చదువుతారే, రెండోది అదే.

ఇక అసలు తాళం 13వ సెక్షన్‌లో ఉంది. ప్రభుత్వం గానీ, అది అధికారమిచ్చిన అధికారి గానీ ఫిర్యాదు చేస్తే తప్ప కోర్టు ఈ కేసు చేపట్టకూడదు. మంత్రి తప్పు చేస్తే ఫిర్యాదు చేయాల్సింది ఆ మంత్రి కూర్చున్న ప్రభుత్వమే. ఎర్రసిరా గారు అడిగిన తాళంచెవి ఎవరి దగ్గరుందో చూశారుగా. ఆ ప్రభుత్వం మారాక కొత్తది ఫిర్యాదు చేస్తే కక్షసాధింపు అంటారు, అదీ పూర్తిగా అబద్ధం కాకపోవచ్చు.

మన దగ్గర నాకు నచ్చే ఉదాహరణ మంత్రిది కాదు. 1985 జనవరిలో కూమర్ నారాయణ్ గూఢచర్యం బయటపడింది. ప్రధాని కార్యాలయం సిబ్బంది నుంచే ఫైళ్ల నకళ్లు బయటికి పోయాయి. ప్రధాని ప్రిన్సిపల్ సెక్రటరీ పి.సి. అలెగ్జాండర్ మీద ఏ ఆరోపణా లేదు. తన కింద పనిచేసే సిబ్బంది దొరికారు కాబట్టి తప్పుకున్నాడు.

గోడమీదపిల్లి

తర్వాత గవర్నర్ అయ్యాడు కదా సార్ 😀

సెక్షన్‌రాజు

అయ్యాడు. అయినా ఆ రోజు తప్పుకోవడం తప్పుకోవడమే. నువ్వు పడుకుంటానన్నావుగా.

నిదానం

ఒక విషయం మరుస్తున్నాం. అసలు ఎన్నిటికి ముద్ర వేస్తున్నారు? 1962 యుద్ధంలో ఓటమి మీద హెండర్సన్ బ్రూక్స్ నివేదిక 1963లో వచ్చింది. 2010లో రక్షణ మంత్రి ఆంటోనీ దాన్ని బయటపెట్టలేమని పార్లమెంటులో చెప్పారు. 2014లో జర్నలిస్టు నెవిల్ మాక్స్‌వెల్ చాలా భాగం ఇంటర్నెట్‌లో పెట్టేశాడు. జనం చదివేశారు. అయినా ప్రభుత్వం లెక్కలో అది రహస్యమే.

క్లింటన్ మెయిళ్లలోనూ రెండు వేల దాకా మెయిళ్లకు ముద్ర పడింది తర్వాతే. 2019లో విదేశాంగ శాఖ సొంత విచారణ ముగించి, 38 మంది వల్ల 91 ఉల్లంఘనలు జరిగాయని తేల్చింది. కావాలని, ఒక పద్ధతిగా చేశారనడానికి బలమైన ఆధారం లేదంది. అన్నిటికీ ముద్ర వేస్తే ముద్రకి విలువ పోతుంది. అప్పుడు కేసు పెట్టాలనుకున్నవాడి మీద పెట్టొచ్చు, వద్దనుకున్నవాడిని వదిలేయొచ్చు. ఎందుకంటే ప్రతివాడి సొరుగులో ఏదో ఒకటి ఉంటుంది.

కొత్తకుండ

నిదానం గారూ, మీరు ప్రతిదానికీ నెయ్యి పూస్తున్నారు. సరే, 2025 మార్చి సంగతి చెప్పండి. యెమెన్ మీద దాడికి ముందు అమెరికా జాతీయ భద్రతా సలహాదారు మైక్ వాల్ట్జ్ సిగ్నల్ యాప్‌లో గ్రూపు పెట్టి, పొరపాటున అట్లాంటిక్ పత్రిక ఎడిటర్‌ను కూడా చేర్చేశాడు. రక్షణ మంత్రి హెగ్సెత్ అందులో విమానాలు ఎన్నింటికి లేస్తాయో, బాంబులు ఎప్పుడు పడతాయో టైములతో సహా పెట్టాడు. పైలట్లు ఇంకా గాల్లోకి లేవకముందే! తర్వాత "అందులో రహస్యమేమీ లేదు" అన్నారు. దాడి టైము రహస్యం కాకపోతే ఇంకేది రహస్యం? ఇది కూడా ఎక్కువ ముద్రలు వేయడం వల్ల వచ్చిన సమస్యేనా?

నిదానం

కాదు. దీనికి నా దగ్గర నెయ్యి లేదు. ఒక లెఫ్టినెంట్ ఆ పని చేసి ఉంటే ఆ సాయంత్రమే ఫోను, బ్యాడ్జీ లాక్కునేవాళ్లు. వాల్ట్జ్‌ను మేలో ఆ పదవిలోంచి తప్పించి ఐక్యరాజ్యసమితి రాయబారిగా పంపారు. హెగ్సెత్ మంత్రిగా కొనసాగాడు.

చిలకజోస్యం

అదే ఏడాది అక్టోబర్‌లో జాన్ బోల్టన్ మీద 18 అభియోగాలు. పూర్వం అదే భద్రతా సలహాదారు కుర్చీలో కూర్చున్నవాడు, తర్వాత ట్రంప్‌ను రోజూ తిట్టినవాడు. డైరీ లాంటి నోట్సు ఇంట్లోవాళ్లకి పంపాడని ఆరోపణ. నేను నిర్దోషినన్నాడు. ఆరోపణలో బలం ఉండొచ్చు, నాకేం తెలుసు. కానీ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే సామెతలో అత్తాకోడళ్లు గుర్తొస్తున్నారు. పైగా కోడలు నిన్నటిదాకా అత్తే.

ఎర్రసిరా

చూశారా. నేను చెప్పింది ఇదే. అంటే మీ పార్టీ గెలిస్తే

[ఈ పోస్టులో మిగతా భాగం తొలగించాం. పార్టీల తిట్లు వద్దని చర్చ మొదట్లోనే రాసి ఉంది. – మోడరేటర్]

మేఘమాల

మధ్యరకం వాళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు. పెట్రేయస్‌ను చూడండి. నాలుగు నక్షత్రాల జనరల్, సీఐఏ డైరెక్టర్. తన జీవితచరిత్ర రాస్తున్న ప్రియురాలికి ఎనిమిది నల్ల నోటుబుక్కులు ఇచ్చాడు, అందులో గూఢచారుల అసలు గుర్తింపులు, యుద్ధ వ్యూహాలు ఉన్నాయి. ఎఫ్‌బీఐ అడిగితే ఇవ్వలేదని అబద్ధం చెప్పాడు. 2015లో చిన్న సెక్షన్ కింద ఒప్పుకుంటే జైలు లేదు, రెండేళ్ల ప్రొబేషన్. ప్రాసిక్యూటర్లు 40 వేల డాలర్ల జరిమానా చాలన్నారు. జడ్జికే మనసొప్పక లక్షకు పెంచాడు.

అంతకుముందు శాండీ బెర్గర్, క్లింటన్ కాలంలో భద్రతా సలహాదారు. 2003లో నేషనల్ ఆర్కైవ్స్ నుంచి రహస్య పత్రాలు బయటికి తీసుకుపోయి కొన్నిటిని కత్తిరించి పారేశాడు. 50 వేల జరిమానా, ప్రొబేషన్, మూడేళ్లు క్లియరెన్స్ లేదు.

పత్రాలు దాచడం, అడిగాక అబద్ధం, ధ్వంసం. నిదానం గారి కొలత ప్రకారమైనా వీళ్లిద్దరూ లోపల ఉండాల్సినవాళ్లే. మంచి లాయరు, మంచి పేరు ఉంటే ఆ కొలత కూడా సాగుతుంది.

నిదానం

పెట్రేయస్ విషయంలో నా వాదన ఓడిపోయింది మేఘమాల గారూ. ఆ పేరు నేనే ఎత్తకుండా జాగ్రత్తపడ్డాను, నిజం చెప్పాలంటే.

బైడెన్ విషయంలోనూ ముందు మెత్తగా రాశాను. 2024 ఫిబ్రవరిలో వచ్చిన ప్రత్యేక న్యాయవాది హర్ నివేదికలో, 2017లోనే బైడెన్ తన పుస్తకం రాసిపెట్టే అతనితో "రహస్య కాగితాలన్నీ కింద ఇప్పుడే దొరికాయి" అన్న రికార్డింగ్ ఉంది. అంటే ఐదేళ్ల ముందే ఆయనకు తెలుసు. అయినా ఉద్దేశం జ్యూరీ ముందు రుజువు కాదని, ఆయన్ను మతిమరుపున్న మంచి పెద్దాయనగానే చూస్తారని కేసు వద్దన్నాడు. నలభై ఏళ్ల ఉద్యోగికి మతిమరుపని వదిలేస్తారా అంటే, వదలరు.

సెక్షన్‌రాజు

ట్రంప్ కేసు ఎలా పోయిందో కూడా ఒక ముక్క. 40 అభియోగాల్లో ఒక్కటి కూడా జ్యూరీ ముందుకు రాలేదు. 2024 జులై 15న జడ్జి ఐలీన్ క్యానన్, ప్రత్యేక న్యాయవాది నియామకమే రాజ్యాంగబద్ధం కాదని కొట్టేసింది. అప్పీలు నడుస్తుండగా ఆయన ఎన్నికల్లో గెలిచాడు, ప్రభుత్వం ఆయన మీద అప్పీలు వదులుకుంది. పత్రాలు దాచాడా లేదా అన్నది ఏ కోర్టూ తేల్చలేదు.

కోర్టుల మీద మరీ ఆశ పెట్టుకోవడం ఎందుకు? బైడెన్, పెన్స్, ట్రంప్ ముగ్గురికీ ఒకటే సమయం: పదవి దిగి సామాను సర్దుకునే రోజులు. పెట్టెలు సర్దేది సొంత మనుషులు, హడావిడి. పెన్స్ వ్యవహారం తర్వాత 2023 జనవరిలో నేషనల్ ఆర్కైవ్స్ రీగన్ కాలం నుంచీ ఉన్న మాజీ అధ్యక్షులు, ఉపాధ్యక్షులందరి తరఫువాళ్లకీ మీ పెట్టెలు ఒకసారి చూసుకోండని ఉత్తరం రాసింది. ఉత్తరం! 1978 చట్టం ప్రకారం ఆ కాగితాలు ప్రభుత్వానివి. ఎవరి కాగితాలు వాళ్లు వచ్చి సర్దుకుపోవాలి గానీ, దిగిపోయేవాణ్ణి బతిమాలడమేంటి? దిగే నెలలో సర్దే పని నాయకుడికి జవాబు చెప్పక్కర్లేని సిబ్బందికి ఇస్తే సగం కేసులు పుట్టవు.

పాతరికార్డు

రాజు గారూ, ఆ సిబ్బందికి ముందు ఇంకు పెన్నుతో రాసే ధైర్యం ఇవ్వాలి. పైవాడు సంతకం పెట్టనంటే కాగితం ఇవ్వను అని చెప్పగలగాలి. చెప్పినందుకు బదిలీ అవకూడదు. నా కాలంలో ఒకాయన అలా అన్నాడు, రెండు వారాల్లో ఆయన బల్ల మీద వేరేవాళ్లు కూర్చున్నారు.

మేఘమాల అమ్మా, నిన్న అడిగావు, చెప్పలేదు. నకలు దొరికింది. ఐదో రోజు పై సారు ఇంటి నుంచి డ్రైవర్ పాత పేపర్లతో పాటు ఒక సంచిలో తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. లోపలి కవరు సీలు చింపి ఉంది. ఎవరూ ఏమీ అడగలేదు. రిజిస్టర్లో "సారు వద్ద" అన్న పెన్సిల్ రాత రబ్బరుతో తుడిచి, తిరిగి వచ్చినట్టు ఆ రోజు తేదీ వేసి, నేనే సంతకం పెట్టాను.

నాకిచ్చిన మెమో మాత్రం వెనక్కి తీసుకోలేదు. రిటైరయ్యే రోజు సర్వీసు పుస్తకంలో చూసుకున్నాను, అలాగే ఉంది. అది ఇంకుతోనే రాశారు.